పులుపును తిన్న తొట్టి

నా చదువు కాగితాలు మూడేళ్ళపాటు నా దగ్గర లేవు. ఆళ్ళగడ్డలో ఒక శెట్టిగారి ఆకుపచ్చ ఇనప బీరువాలో, పై అరలో ఉండేవి. పదో తరగతి, ఇంటరు, బి.ఎస్సీ. కెమిస్ట్రీ, మూడూ ఒకే కవరులో. నేను పోగొట్టుకోలేదు, ఎవరూ దొంగిలించలేదు. మా నాయన తన చేత్తో తీసుకెళ్ళి ఇచ్చి, పైగా నమస్కారం కూడా పెట్టి వచ్చాడు.

ఇది డెబ్బైల చివరి మాట. మాది నంద్యాల. నాయన మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. మేముండే మిషన్ కాంపౌండులో ఆడపిల్ల చదివిందంటే నర్సు, లేకపోతే టీచరు. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి టీచరే కావాలనుకున్నాను. ఆ ఏడాది బి.ఇడి.లో సీటు రాలేదు. ఇంట్లో ఊరికే కూర్చుని ఉండగా, నాయనకు తెలిసిన శెట్టిగారు ఒకాయన కెమిస్టు కోసం వెతుకుతున్నారని కబురొచ్చింది. ఆయనకు నంద్యాలలో రంగు సోడాల కార్ఖానా ఉండేది. సోడాలో వేసే పులుపు, మేమంతా నిమ్మ ఉప్పు అనేది, బొంబాయి నుంచి మూటల్లో వచ్చేది. మూట విప్పిన ప్రతిసారీ ఆయనకు కడుపు మండేది. నల్లమల అంచున ఇంత చింతపండు కాస్తుంటే పులుపును అంత దూరం నుంచి తెచ్చుకోవడమేమిటని ఆయన బాధ.

"చింతపండులో పులుపును ఉప్పు మాదిరి పొడి చేయొచ్చంట. నిజమేనా మా?" అని అడిగారు. నా ఇంటర్వ్యూ అంతే.

నిజమే అని ఊరుకుంటే సరిపోయేది. కాలేజీ నుంచి కొత్తగా బయటికొచ్చినదాన్ని, నా నోరు ఊరుకుంటుందా? చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లమనీ, నిమ్మలోది సిట్రిక్ అనీ, రెండూ పండ్ల పులుపులే అయినా వేరువేరనీ మొదలుపెట్టాను. శుభ్రం చేస్తే పటికబెల్లంలాంటి పలుకులు కడుతుందని చెప్పాను. వంటసోడాతో కలిస్తే పొంగుతుంది కాబట్టి రొట్టెలు కాల్చేవాళ్ళకూ, కడుపుబ్బరానికి మందు చేసేవాళ్ళకూ కావాలన్నాను. గుడ్డల మీద రంగు నిలబడడానికి అద్దకం వాళ్ళు వాడతారు. అద్దం వెనక వెండి పూత ఎక్కించడానికి ఈ పులుపుతో చేసిన ఉప్పు ఒకటి పనికొస్తుంది. పండ్ల పులుపులతో బాయిలర్ లోపల పేరుకున్న సున్నపు పొరను కరిగిస్తారు. ఇత్తడి చెంబు తళతళలాడడం సంగతి మా అమ్మకే తెలుసు. ఇలా నేను చెప్పుకుంటూ పోతుంటే శెట్టిగారు సోడా సీసా నా ముందుకు జరిపి, తాగమ్మా అన్నారు. నాకు ఉద్యోగం వచ్చిందని అప్పుడు అర్థమైంది.

"ఒరిజినల్స్ నా దగ్గర పెట్టు మా. బీరువాలో భద్రంగా ఉంటాయి. నువ్వు యాడికి పోతావు, నేను యాడికి పోతా" అన్నారు.

అప్పట్లో అది వింతేమీ కాదు. మా వైపు ప్రైవేటు బళ్ళలోనూ మిల్లుల్లోనూ చాలామంది కాగితాలు అలాగే యజమానుల బీరువాల్లో ఉండేవి. పులుపు చేసే కార్ఖానాకు లైసెన్సు రావాలంటే డిగ్రీ ఉన్న కెమిస్టు సంతకం కావాలని ఆఫీసువాళ్ళు చెప్పారట. కెమిస్టు మధ్యలో మానేసి పోతే కార్ఖానా మూతపడుతుంది. అందుకని కెమిస్టుకు తాళం వేసుకున్నారు.

కొత్త కార్ఖానా ఆళ్ళగడ్డలో పెట్టారు. మొదటి ఏడాది నంద్యాల నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. తర్వాత అది కుదరక షెడ్డు వెనకే ఒక గది ఇచ్చారు. గోడలు బండలు, నేల బండలు, కప్పు కూడా బండలే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదిలో పడుకుంటే రొట్టె పెనం మీద ఉన్నట్టుండేది. పక్క గదిలో ఒక తాత, ఆయన భార్య ఉండేవాళ్ళు. తాత కార్ఖానాలో చింతపండు నానబెట్టడం, పిసకడం, మంట పెట్టడం అన్నీ చూసేవాడు. అవ్వ మా ముగ్గురికీ వండేది. నేను దుడ్లిస్తానంటే, "రొట్టెకు లెక్క యాడిది మా, తిను" అనేది. మూడు పూటలా వాళ్ళ గడపలో కూర్చునే తిన్నాను.

నా బల్ల ఆ బీరువాకు ఎదురుగా ఉండేది. తాళంచెవి శెట్టిగారి మొలతాడుకు. ఆయన వారానికి మూడు రోజులు నంద్యాల నుంచి వచ్చేవారు, తాళంచెవి ఆయనతోనే వచ్చి ఆయనతోనే పోయేది. బీరువా మాత్రం ఎప్పుడూ నా ఎదుటే ఉండేది. తలెత్తితే అదే. దాని తలుపు మీద లక్ష్మీదేవి క్యాలెండరు. ఆ దేవత నా కాగితాలకు కాపలా కాస్తున్నట్టు నాకు ఆమె మీద కూడా కోపం వచ్చేది.

మొదటి వేసవిలో బి.ఇడి. ఇంటర్వ్యూకు కర్నూలు రమ్మని కార్డు వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావలెను అని కింద గీత గీసి మరీ రాశారు. శెట్టిగారిని అడిగాను.

"నువ్వు పోతే లైసెన్సు యాడుంటాది? వచ్చే ఏడు చూద్దాంలే."

నాయన దగ్గరికి పోయి ఏడ్చాను.  "మాట ఇచ్చినాము. మధ్యలో వదిలిపెట్టి వస్తే మన పిల్లల్ని మళ్ళా ఎవురు పనిలో పెట్టుకుంటారు?" అన్నాడు. మన పిల్లలంటే కాంపౌండులో పిల్లలందరూ. ఒక్కదాని నెత్తిన అంతమందిని ఎక్కించేసరికి ఇంక నేనేం మాట్లాడతాను. ఆ ఇంటర్వ్యూ పోయింది. మరుసటేడు కార్డూ అంతే అయింది.

అప్పటిదాకా చిన్న ఎత్తున చేసి చూస్తున్నాము. నేను పింగాణీ బేసిన్లలో పులుపు పలుకులు కట్టించి శెట్టిగారి అరచేతిలో పెట్టాను. ఆయన నాలుకకు రాసుకుని కళ్ళు మూసుకున్నారు. ఇక పెద్ద ఎత్తున చేయాలి, చింతపులుసు కాచి పోసి తేర్చడానికి పెద్ద తొట్టి కట్టాలి అన్నారు. నేను కాగితం మీద కొలతలు వేసి, లోపలి వైపు పింగాణీ పలకలు అని రాసి ఇచ్చాను. ఆ వారం గుడ్ ఫ్రైడే, ఈస్టరు. నంద్యాల వెళ్ళిపోయాను.

సోమవారం తిరిగొచ్చేసరికి తొట్టి తయారైపోయి ఉంది. బేతంచెర్ల నాపరాళ్ళతో కట్టారు. మనిషి నడుము ఎత్తు. లోపల నున్నగా, నల్లగా, అద్దంలా మెరుస్తోంది. సందుల్లో సున్నం గచ్చు. మా వైపు ఇంటికి నేల వేయాలన్నా, మిద్దె కప్పాలన్నా, పశువులకు కుడితి తొట్టి కావాలన్నా, దొడ్డికి కంచె నిలబెట్టాలన్నా ఆ రాయే. వానకు చెదరదు, ఎండకు పగలదు. అలాంటి రాయి కాళ్ళ కింద ఉండగా ఎక్కడినుంచో పింగాణీ పలకలు తెప్పించడమేమిటని శెట్టిగారికి అనిపించింది. అక్కడ పుట్టిన ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

"ఎట్లుంది మా? నూరేండ్లుంటాది" అన్నారు.

నాపరాయి అంటే సున్నపురాయి. పులుపు సున్నాన్ని చూస్తే వదిలిపెట్టదు. అందులో పోసిన పులుసు ఆ రాయిని తిని, తన పులుపునంతా పోగొట్టుకుంటుంది; ఆ పులుపు సున్నంతో కలిసి తెల్లటి బురదగా అడుగుకు దిగిపోతుంది. ఇది నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. చెప్పడానికి నోరు తెరిచాను.

ఆ ఉదయం నా బ్యాగులో మూడో కార్డు ఉంది. నంద్యాలలో బస్సెక్కుతుంటే పోస్ట్‌మ్యాను ఇచ్చాడు. ఇంటర్వ్యూకు నెల కూడా లేదు. నేను నోరు తెరిచి అడిగింది తొట్టి గురించి కాదు.

"నా సర్టిఫికెట్లు కావాలి శెట్టిగారూ. ఈసారైనా ఇవ్వండి."

"ముందు సరుకు బయటికి రానీ మా. కార్ఖానా బాగా నడిస్తే నీకు జీతం పెంచుతా. ఇంగ ఆ బడిపంతులు పని ఏంటికి నీకు?"

కార్ఖానా నడిస్తే నేను పోలేను. నడవకపోతే ఆయనకు కెమిస్టు అక్కర లేదు. లెక్క అంత సులువుగా తేలింది. తొట్టి బాగుంది అన్నాను. అది అబద్ధం కూడా కాదు, చూడ్డానికి బాగానే ఉంది.

మొదటిసారి వేడి పులుసు పోసినప్పుడు తొట్టి గోడల వెంట సన్నగా నురగ లేచింది. బుసబుసమని చప్పుడు. శెట్టిగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

"చూసినావా పవరు! మంట లేకుండానే ఉడుకుతాండాది!"

తాత కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నాకు ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది, ముఖం మీద ఎండిన జిగురులా పట్టేసింది.

రెండు రోజులకు పులుసులో సగం పులుపు లేదు. శెట్టిగారు ఎందుకని అడిగారు. "చూడాలి" అన్నాను. ఇంకోసారి పోశారు, మళ్ళీ అంతే. మళ్ళీ చూడాలి అన్నాను. ఆ మూడు వారాల్లో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో దేవుడికి తెలుసు. బల్ల ముందు కూర్చుని గాజు గొట్టంలో చుక్కలు లెక్కపెడుతూ ఏదో వెతుకుతున్నట్టు నటించేదాన్ని. ఎదురుగా బీరువా. లోపల నా కాగితాలు. వెనక నుంచి తాత తొట్టిలో గీకుతున్న చప్పుడు.

ప్రతి విడతకూ తొట్టి గోడలకు తెల్లగా, గరుగ్గా ఒక పొర కట్టేది. అది మురికనుకుని గీకి పారబోయమన్నారు శెట్టిగారు. తాత పంచె ఎగగట్టి, పులుసు మడ్డిలో మోకాళ్ళ వరకు నిలబడి, ఇటుక ముక్కతో, కొబ్బరి పీచుతో ఒట్టి చేతులతో రుద్దేవాడు. చేతులు పగిలాయి. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయింది, ఆ పగుళ్ళలోకి మళ్ళీ పులుపు. జొన్న రొట్టె తుంచుకోవడానికి కూడా కష్టపడేవాడు. అవ్వ తుంచి పెట్టేది. నేను ఎదురుగా కూర్చుని నా రొట్టె తినేదాన్ని.

"పులుపు గదమ్మా, అంతే అది" అనేవాడు నేను చూడడం చూసి.

ఆ తెల్ల బురద మురికి కాదని కూడా నాకు తెలుసు. మా కాలేజీ పుస్తకంలోనే ఉంది. పండ్ల రసంలోంచి ఈ పులుపును బయటికి తీసే పద్ధతే అది. ముందు సున్నంతో కట్టించి బురదగా దించుతారు. ఆ బురదను గంధకామ్లంతో కలిపితే సున్నం విడిపోయి స్వచ్ఛమైన పులుపు తిరిగొస్తుంది. అంటే మేం వెనక గుంటలో పారబోస్తున్నదే మాకు కావాల్సిన సరుకు. ఆ ఒక్క మాట చెబితే పాడైన కార్ఖానా బంగారం అవుతుంది, నేను ఆ గదిలోనే ముసలిదాన్నయిపోతాను. రోజూ చెబుదామనుకునేదాన్ని. రోజూ కార్డు మీద తేదీ చూసుకుని నోరు కట్టేసుకునేదాన్ని. ప్రార్థన చేసుకోవడం కూడా మానేశాను. ఏమని అడగాలి?

ఇంటర్వ్యూ ఇంక నాలుగు రోజులుందనగా శెట్టిగారు పొద్దున్నే వచ్చారు. ముఖం కందగడ్డలా ఉంది. తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మేశారు. తాతను బయటికి పిలిచారు.

"ఏందప్పా ఇది? నీళ్ళు పోస్తాండావా?"

"చెప్పినన్ని నీళ్ళే పోసినా అయ్యా. చెప్పినట్లే మంట పెట్టినా."

"అట్లయితే పులుపు యాడికి పోయింది? చిక్కటి పులుసు హోటళ్ళకు తోలుతాండావంట. నాకు తెలీదనుకుంటివా?"

ఆయనకు ఎవరూ చెప్పలేదు. లెక్క తెగక, ఆయనే అనుకున్నారు. తాత చేతులు ముందుకు చాపి నిలబడ్డాడు. ఆ చేతులతో దొంగతనం ఎట్లా చేస్తానని చూపిస్తున్నాడో, కొట్టమని చాపాడో నాకు అర్థం కాలేదు. అవ్వ గడపలో నిలబడి ఉంది, చేతికి పిండి అంటుకుని.

"మూట కట్టుకోని పో. బేగా పో" అన్నారు శెట్టిగారు.

నేను ఇంకొంచెం ఓపిక పడితే చాలు, ఈ నాలుగు రోజుల్లో ఆయనే విసిగి కార్ఖానా మూసేసేవారు. ఆ రోజు నేను నోరు తెరవడం మంచితనం వల్ల కాదు. అవ్వ నావైపు చూసింది. చదువుకున్నదానివి, నువ్వైనా ఒక మాట చెప్పు తల్లీ అన్నట్టు చూసింది. ఆ చూపును తట్టుకోలేకపోయాను, అంతే.

"తాత తప్పేం లేదు. తొట్టి పులుపును తినేస్తోంది" అన్నాను.

శెట్టిగారికి అర్థం కాలేదు. గుమ్మం పక్కన పడి ఉన్న నాపరాయి ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాను. నా సీసాలో ఉన్న చిక్కటి పులుసును వేడి చేసి దాని మీద పోశాను. రాయి బుసబుసలాడింది. నురగ తగ్గాక తుడిచి చూపిస్తే, పోసిన మేర నున్నదనం పోయి పొక్కు లేచినట్టు తెల్లబడింది. శెట్టిగారు ఆ మచ్చను బొటనవేలితో రుద్ది రుద్ది చూశారు, తాత గుమ్మంలోంచి చూస్తున్నాడు. ఆ తర్వాత తెల్ల బురద సంగతి కూడా చెప్పేశాను. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. వెనక గుంటలో ఉన్నది మీ సరుకే, ఎండబెట్టి దాచండి అన్నాను.

ఆయన గట్టిగా కేకేసి గుంట మీద గోనెపట్టలు కప్పమన్నారు. ముందు ఆ పని చేయించాక నావైపు తిరిగారు.

"ఎప్పుట్నుంచి తెలుసు నీకు?"

ఇవాళే తెలిసింది అంటే సరిపోయేది. అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆయన నన్ను మెచ్చుకునేవారు, కాగితాలు ఇంకో పదేళ్ళు బీరువాలో ఉండేవి. మూడు వారాలు నోరు మూసుకున్నది ఆ పదేళ్ళు తప్పించుకోవడానికే కదా అనుకుని, "తొట్టి కట్టిన దినమే" అన్నాను.

 ఆయన మొలతాడు నుంచి తాళంచెవి తీశారు. బీరువా తలుపు తెరుచుకుంటే క్యాలెండరు ఊగింది. కవరు తీసి నా బల్ల మీద పెట్టారు.

"చూస్తా చూస్తా ఊరకుండినావు. ఇట్లా మనిషి సంతకం నాకొద్దు మా. పో, పిల్లలకు చదువు చెప్పుకోపో."

 మూడేళ్ళు నా బతుకును బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి నాకు నీతి చెప్తున్నాడు. చెప్పనీ, నేనూ నాలుగు మాటలు అంటాను అనుకున్నాను. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది?  కవరు తీసుకుని గదికి పోయి పెట్టె సర్దుకున్నాను. చీరలు నాలుగు, బైబిలు ఒకటి, గాజు గ్లాసు ఒకటి. పది నిమిషాల్లో అయిపోయింది. మూడేళ్ళు ఎదురుచూసిన రోజు అది. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

బయటికి వచ్చేసరికి తాత నిలబడి ఉన్నాడు. శెట్టిగారు ఆయన్ని మళ్ళీ పనిలోకి రమ్మన్నారట. వద్దంటున్నా వినకుండా నా పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. పిడిని పట్టుకోవడం చేతకాక రెండు అరచేతులనూ పెట్టెకు ఆనించి నడిచాడు.  నంద్యాల బస్సు ఇంకా రాలేదు. పెట్టె దించి, పక్కన కూర్చున్నాడు.

"తప్పయింది తాతా" అన్నాను.

"శెట్టికి చెప్పకపోతివి, సరే" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "నీ కాగితాలు ఆయన పట్టుకోని కూర్చుండె. నీ తిప్పలు నీవి. దినామూ మా గడపలోనే కూర్చోని తింటివి కదా మా. నాకేంటికి చెప్పలేదు?"

తాత తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"నేను యాడన్నా చెప్తాననుకుంటివా? చెప్పింటే చేతులకింత ఆముదం పూసుకోని, గుడ్డ చుట్టుకోని దిగింటి. నేను కూడా ఊరకుండింటి. అంతే కదా."

ఆ మూడు వారాలూ నేను శెట్టిగారి గురించి ఆలోచించాను, నాయన గురించి, లైసెన్సు గురించి, కర్నూలు గురించి ఆలోచించాను. తాతకు ఒక మాట చెప్పవచ్చునని మాత్రం నాకు ఒక్కసారీ తోచలేదు. అది ఆయన ముఖం చూసి ఎలా చెప్పను? బస్సు వచ్చింది. పెట్టె ఆయనే పైకి ఎక్కించాడు.